పంఖా ఆపిన గది

జూన్ నెల ఢిల్లీలో ఫ్యాను ఆపి, తలుపులు మూసి కూర్చోవడం ఎవరికైనా శిక్షే. మా వారికి అది రోజూ తప్పదు. కిడ్నీలు పాడయ్యాక ఆయన పొట్టలోకి ఒక గొట్టం అమర్చారు. పొట్టలోని పాత నీళ్ళు దాని గుండా తీసేసి, సంచిలోని కొత్త మందునీళ్ళు ఎక్కించాలి. వసంత్ కుంజ్‌లోని మా ఇంట్లో ఆ పని నాది. "పంఖా బంద్, దర్వాజా బంద్. గొట్టం కొసకి ఏదీ తగలకూడదు దీదీ" అని ఆసుపత్రి సిస్టర్ ఒకటికి పదిసార్లు చెప్పింది. క్రిములు లోపలికి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యకి ఆ గదిలో కొడుకుని చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఒకరోజు పూజ ముగించుకుని మడి చీరతోనే తలుపు తోసుకుని వచ్చేసింది. నేను అప్పుడే గొట్టం మూత తీశాను. ఆయన ముఖమంతా చెమట. ఆవిడ వంగి కొంగుతో తుడిచింది. కొంగు చివర గొట్టం కొసకి తగిలింది.

"బయటికి నడవండి" అని అరిచాను. నా నోరు మంచిది కాదు, అందరికీ తెలుసు.

"మడిలోనే ఉన్నానమ్మా. ఈ చీర నువ్వు కూడా ముట్టుకోలేదు" అంది ఆవిడ, బిక్కచచ్చిపోయి.

ఆరేసిన చీరని ఎవరి చెయ్యీ తగలకుండా కర్రతో తీసుకుని కట్టుకునే మనిషి. తన కంటే శుభ్రమైనవాళ్ళు ఆ ఇంట్లో లేరనే ఆవిడ నమ్మకం. క్రిములకి మడి తెలియదని ఎలా చెప్పను? కోపంతో పాటే జాలి కూడా వేసింది. గొట్టానికి క్లిప్పు బిగించి ఆసుపత్రికి పరిగెత్తాం. గొట్టం పైముక్క మార్చి, మందు ఇచ్చి, "బయటికొచ్చే నీళ్ళు మబ్బుగా ఉంటే వెంటనే రండి" అన్నారు.

ఆ తర్వాత సంచి మార్చిన ప్రతిసారీ తలుపు అవతల నుంచి ఒకటే ప్రశ్న.

"తేటగా ఉన్నాయా అమ్మా?"

"తేటగానే ఉన్నాయి అత్తయ్యా."

అన్నం సరిగా తినేది కాదు. కొడుకు దగ్గరికి వెళ్ళేది కాదు, గుమ్మంలోంచే చూసేది.

ఇక భయం లేదని డాక్టరు చెప్పిన రోజు వంటింట్లో నా పక్కకి వచ్చి నిలబడింది.

"నాకూ నేర్పు."

"మీకెందుకత్తయ్యా ఈ తంటా?"

"నీకు జ్వరమొస్తే వాడికెవరు చేస్తారు? అసలు నువ్వు కాస్త నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో."

నా గురించి ఆ మాట అన్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. నాకు ఏడుపొచ్చింది.

సింకు దగ్గర మొదలుపెట్టాం. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు. కడగడం అయ్యాక చూస్తే ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకోలేదు. తడి చేతులు రెండూ ఎత్తి పట్టుకుని, "ఇప్పుడు వాడి దగ్గరికి వెళ్ళచ్చా?" అని అడిగింది.