నార్వే దారిలో కుప్పం

కొత్తగా జీతం అందుకునే ఆ రోజుల్లో నాకు చేతకాని పని లోకంలో ఒక్కటీ ఉన్నట్టు తోచేది కాదు. మోకాళ్లు చెప్పిన మాట వినేవి, పొట్ట ఉండాల్సిన చోటే ఉండేది, జుట్టు సంగతి ఇప్పుడెందుకులెండి. బెంగళూరులో ఓ చిన్న ఆఫీసులో పని. నా పక్క సీటు స్నేహితుణ్ణి అందరం మ్యాపు అనేవాళ్లం, ఎందుకంటే ఎక్కడికీ కదలకుండానే అన్ని దేశాల దారులూ వాడికి కంఠతా వచ్చు. ఒకరోజు వాడు కంప్యూటర్లో నార్వే బొమ్మలు చూపించాడు. ఒకపక్క కొండలు, ఒకపక్క సముద్రపు నీళ్లు, మధ్యలో తడిసి నల్లగా మెరిసే రోడ్డు, దాని మీద సంచులు కట్టుకున్న సైకిళ్లు. సెలవులొస్తే అక్కడ జనం సైకిళ్ల మీద ఇలా ఊళ్లు తిరుగుతారట. మేమా, వాన కోసం మొగం పైకెత్తి చూసే మెట్టనేలలో పుట్టినవాళ్లం. అన్ని నీళ్లు ఒక్కచోట చూసేసరికి నాకు మతిపోయింది. వచ్చే వేసవికి పోయి తీరాలని క్యాంటీన్ ఇడ్లీ మీద ఒట్టేసుకున్నాం. (ఆ ఇడ్లీ ఎంత గట్టిదో ఒట్టూ అంత గట్టిగా నిలిచింది.)

అయితే నార్వేలో ఎత్తులు ఎక్కువ, బరువుతో తొక్కడం ముందే అలవాటు చేసుకోవాలని మ్యాపు హెచ్చరించాడు. నేను కొత్తగా కొన్న గేర్ల సైకిలు బస్సు మీద వేసుకుని, సెలవు పెట్టి మదనపల్లె చేరాను. ఇంట్లో అప్పటికే ఇంకో ప్రయాణం సిద్ధంగా ఉంది. ఆదివారం కుప్పంలో పిల్లను చూడ్డానికి పోవాలి. పిల్ల ఫోటో అమ్మ నా ఫోనుకు ముందే పంపింది. నిజం చెప్పొద్దూ, ఆ వారంలో నార్వే బొమ్మలకంటే ఆ ఫోటోనే ఎక్కువసార్లు చూశాను. పిల్ల నాకు నచ్చింది. నార్వే, పిల్ల రెండూ కావాలనుకోవడం అత్యాశ అని అప్పట్లో తెలియదు.

సైకిలు చూడగానే అమ్మ మొగం మాడిపోయింది. “మీ నాయన సైకిల్లో మార్కెట్టు యార్డుకు పోయి టమాటా పెట్టెలు మోసి మోసి నిన్ను కుర్చీలో కూసోబెట్టినాడు. నువ్వు మళ్లా సైకిలెక్కుతాండావా?” అంది. నాయన టైరును బొటనవేలితో నొక్కి చూసి, గాలి చాల్లేదని మాత్రం చెప్పాడు.

దారి నేనే వేసుకున్నాను. మొదటిరోజు పుంగనూరులో మేనత్త ఇల్లు, రెండోరోజు కుప్పంలో పిన్ని ఇల్లు. బరువు కోసం సంచుల్లో ఏం వేయాలా అని నేను ఆలోచిస్తుంటే అమ్మే తేల్చేసింది. పిన్నింటికి ఉత్తచేతులతో ఎట్లా పోతావని రెండు సంచుల నిండా టమాటాలు పోసింది. నార్వేలో గుడారమైతేనేం, ఇక్కడ టమాటాలైతేనేం, మోకాళ్లకు తేడా ఏం తెలుస్తుందని బయలుదేరాను. మా వైపు రోడ్డు మీద కనబడిన ప్రతి మనిషినీ యాడికని అడగడం మర్యాద. చెప్పి చెప్పి విసుగొచ్చి, పుంగనూరుకు ఇవతల ఒక ముసలాయనకు నార్వేకు పోతున్నానని చెప్పేశాను. ఆయన కాసేపు ఆలోచించి, “అది సోమల ఊరు దాటినాకనా?” అన్నాడు. అవును తాతా, దాటి ఇంకొంచెం పోవాలన్నాను. పుంగనూరులో మేనత్త నా వీపు నిమిరి, ఉద్యోగం పోయిందా అని గుసగుసగా అడిగింది. లేదన్నా నమ్మలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు వాళ్ల తోటలోని టమాటాలు ఇంకో సంచెడు హ్యాండిల్‌కు తగిలించింది. (అంత పెద్ద టమాటా మార్కెట్టున్న మదనపల్లె నుంచి వచ్చినవాడికి టమాటాలు ఇచ్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.)

ఆ రోజు కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఒళ్లంతా చెమట, మొగం నేను మోస్తున్న సరుకు రంగుకు వచ్చేసింది. పిన్ని వీధి అడుగుదామని ఒక ఇంటి గోడ నీడన ఆగాను. లోపల్నుంచి ఒకామె గిన్నె పట్టుకుని వచ్చి, “ఏమప్పా, కిలో ఎంత?” అంది. అమ్మేవి కాదమ్మా అని నోరు తెరిచాను. చూస్తే ఆమె వెనక తలుపు దగ్గర నా ఫోనులోని ఫోటో నిలబడి ఉంది.

ఆ క్షణంలో నా ముందు రెండే దారులున్నాయి. నిజం చెబితే, చూపులకు ముందే నిక్కరుతో, చెమట కంపుతో వచ్చి నిలబడిన పెళ్లికొడుకును. చెప్పకపోతే టమాటాలమ్మే అబ్బిని. రెండోదే గౌరవంగా కనబడింది. చిన్నప్పటి నుంచి వింటున్నది యార్డు ధరే కాబట్టి పెట్టెల లెక్కన అమ్మే ఆ టోకు ధరే కిలోకు విడగొట్టి చెప్పేశాను, అంగడి ధరలో అది సగం కూడా ఉండదు. ఆమె రెండో గిన్నె కోసం లోపలికి పరిగెత్తింది. తక్కెడేదని పిల్ల అడిగింది. చెయ్యే తక్కెడన్నాను. దోసిళ్లతో పోస్తుంటే, “కొసరు లేదా?” అంది. అసలు కంటే కొసరు ముద్దంటారు గదా, ఆ మొగం చూస్తూ ఎన్ని దోసిళ్లు వేశానో నాకే తెలియదు. పిల్ల నవ్వింది. అంతలో వీధి వీధంతా గిన్నెలతో దిగింది. గొడవ విని వాళ్ల నాయన బయటికొచ్చాడు. ఒక టమాటా చేతిలోకి తీసుకుని, దాన్నీ నా బూట్లనూ మార్చి మార్చి చూసి, ఇంత అగ్గవగా ఇస్తున్నావు, సరుకు ఎక్కడ ఎత్తుకొచ్చావని అడిగాడు. మాదే సారూ అని గొణిగి, ఖాళీ సంచులతో పిన్నింటికి పోయి పడ్డాను.

ఆదివారం తెల్లచొక్కా వేసుకుని, మదనపల్లె నుంచి వచ్చిన అమ్మానాయనలతో కారులో అదే ఇంటి ముందు దిగాను. కాబోయే మామగారు నన్ను అదేపనిగా చూస్తున్నారు. నాయన నా ఉద్యోగం గురించి చెబుతుండగా, పలహారం పళ్లెం పెట్టడానికి వచ్చిన పిల్ల వాళ్లమ్మ, ఆ రోజు గిన్నె పట్టుకొచ్చినామె, ఆగిపోయి, “ఈ పిల్లోడు మొన్న మనింటి ముందర టమాటాలు అమ్మినాడు గదా” అంది. అమ్మ కొంగుతో మొగం కప్పుకుంది. నేను ఉన్నదున్నట్టు అంతా చెప్పాను. నార్వే, ఎత్తులు, బరువు, టమాటాలు. చెప్పేకొద్దీ అది నాకే అబద్ధంలా వినబడింది. మామగారు గొంతు సవరించుకుని, “సైకిలు తొక్కేదానికి దుడ్డు పోసి దేశం దాటి పోతారా ఎవరన్నా? ఉద్యోగం పోయిందని చెప్పు, నమ్ముతాను” అన్నారు. ఆలోచించి కబురు చేస్తామన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలిసిందే. నార్వే పోతే పోయింది, ఆ పిల్ల పోతుందే అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పటిదాకా తలొంచుకుని కూర్చున్న పిల్ల నోరు తెరిచింది. “నాయనా, టమాటాలమ్మి బతికేవాళ్లు ఎవరన్నా అంత కొసరేస్తారా?”

మొదట నవ్వింది మా నాయనే. యార్డులో ముసలివాడైన మనిషి గదా, ఆ మాట విలువ ఆయనకు తెలుసు. “నిజం తల్లీ, వీణ్ణి యాపారంలో పెడితే వారానికే దివాలా తీస్తాడు. వీడికి ఉద్యోగం ఉండాది కాబట్టే బతకతాండాడు” అన్నాడు. మామగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. పలహారం అప్పుడు అందరికీ రుచించింది.

పెళ్లయ్యాక, అనుకున్నట్టే వేసవికి నార్వే పోయాం. మ్యాపు ఆఖరి నిమిషంలో కాలు బెణికి ఆగిపోయాడు, దారులు మాత్రం ఫోనులో చెప్పాడు. వాడి చోట మా ఆవిడ వచ్చింది. అక్కడ రోజూ వాన. చినుకు పడగానే మేమిద్దరం సైకిళ్లు ఆపి, మొగాలు పైకెత్తి సంబరంగా నిలబడేవాళ్లం. ఆ దేశం వాళ్లు రెయిన్‌కోట్లలో పక్కనుంచి పోతూ, వీళ్లకేమైందోనని వెనక్కి తిరిగి చూసేవారు. ఎత్తుల్లో మా ఆవిడే ముందు, నేను వెనక. ఇప్పటికీ ఇంట్లో అంతే.

ఇప్పుడు ఆ సైకిలు బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. పొట్ట నేను చెప్పిన చోట ఉండటం మానేసి చాలా కాలమైంది. మొన్న ఇద్దరం సరుకులకు పోతే, నేను మిషను మీద టమాటాలు పెట్టి, తూకం కాస్త ఎక్కువ చూపిస్తే ఒక కాయ తీసి పక్కన పెట్టాను. మా ఆవిడ అది చూసింది. బయటికొచ్చాక, “కుప్పంలో మా ఇంటి ముందర ఒక పిల్లోడు టమాటాలు అమ్మేవాడు, కొసరు బాగా వేసేవాడు. యాడికి పోయినాడో ఏమో” అంది.

వెనక్కి పోయి ఆ కాయ కూడా సంచిలో వేయించుకొచ్చాను.