అన్న కారు హెడ్‌లైట్లు

అన్న ఆదివారం వస్తున్నాడు. గురువారం చూసుకుంటే అతని కారు హెడ్‌లైట్లు రెండూ ఎండిన గంజిలా పసుపు తిరిగి ఉన్నాయి. దుబాయిలో చెమటోడ్చిన డబ్బుతో కొన్న బండి అది. నాలుగేళ్ల కిందట సెలవు అయిపోయి తిరిగి వెళ్తూ, ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు పెట్టి తాళంచెవి నా చేతికిచ్చాడు. "పైలం తమ్మీ, జాగ్రత్తగ చూస్కో" అన్నాడు. ఎక్కడ గీత పడుతుందోనని నేను దాన్ని వాకిలి దాటించలేదు. వారానికోసారి స్టార్ట్ చేసి, తుడిచి, ఆపేసేవాణ్ని. మా రేకుల షెడ్డు పొట్టిది. బండి ముందుభాగం నాలుగు ఎండాకాలాలూ ఎండలోనే ఉంది. ఆ మాత్రం తట్టని నా తెలివిని ఏమనాలి?

కామారెడ్డిలో స్పేర్ పార్టుల దుకాణానికి పరుగెత్తాను. కొత్తవి రావడానికి వారం పడుతుందన్నాడు దుకాణదారు. తిరిగొచ్చి టూత్‌పేస్టుతో రుద్దాను.

"బండికి పండ్లు తోముతున్నవా?" అని నా భార్య నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక, పక్కింటి పెయింటర్ వాటర్ పేపర్లనే గరుకు కాగితాలు తెచ్చిచ్చాడు. "నీళ్లు వోస్కుంట రుద్దు. ముందుగాల ఇంక ఖరాబైతది, బుగులు వడకు" అన్నాడు. బుగులు పడనే పడ్డాను. గరుకు కాగితం నాలుగుసార్లు తిప్పేసరికి అద్దం తెల్లబారి, లోపలి బల్బు కూడా కనబడలేదు. ఉన్నది కాస్తా పోగొట్టానని భయం. రుద్దుతాను, లేస్తాను, మళ్లీ కూర్చుంటాను. సన్న కాగితాలు, ఆపైన పాలిష్ అయ్యేసరికి శనివారం మధ్యాహ్నమైంది. అద్దాలు తేటపడ్డాయి.

ఆదివారం ఆ బండిలోనే కామారెడ్డి స్టేషన్‌కు వెళ్లాను. దారి పొడవునా ఎదురొచ్చే ప్రతి లారీ నా మీదికే వస్తున్నట్టుంది. అన్న రైలు దిగి బయటికి రాగానే ముందు హెడ్‌లైట్లే చూపించాను.

"కొత్తగనే ఉన్నయి గదరా" అంటూ స్టీరింగ్ ముందు కూర్చుని మీటరు చూశాడు. "గింతేనా తిరిగింది? అసలు నడపలేదా?"

"లేదన్నా. ఎట్ల ఇచ్చినవో గట్లనే ఉంచిన" అన్నాను గర్వంగా.

అన్న నవ్వలేదు. "నిరుడు మరదల్ని కాన్పుకు గీ కామారెడ్డికే గదా తెచ్చింది? దేంట్ల తెచ్చినవ్?"

"ఆటోల."

"నొప్పులతోటి... గంత దూరం... ఇంటి ముందట నా బండి ఉండంగ?" అన్న స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. "నన్ను పరాయోణ్ని చేస్తివి గదరా."

ఆటోలో ప్రతి గుంతకూ నా భార్య నా చెయ్యి ఎలా నలిపిందో గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అన్న బండి దిగి, పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. "నువ్వే నడుపు" అన్నాడు.