రంగు నిలవని నుయ్యి

బందరులో నేను అద్దెకున్న ఇంటి నుయ్యి ఆ వీధి మొత్తానికీ మంచినీళ్ళ నుయ్యి. సముద్రం దగ్గరున్న ఊరు కావడంతో చాలా పెరళ్ళలో తవ్వితే ఉప్పునీళ్ళే పడతాయి. ఈ పెరట్లో మాత్రం పప్పు ఉడికే నీళ్ళు పడ్డాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇంటావిడ పిల్లలు లేని ముసలావిడ, భర్త పోయి చాలాకాలమైంది. అందరూ మామ్మగారు అనేవారు. పొద్దున్నే మడి కట్టుకుని తన నీళ్ళు తను తోడుకున్నాక పెరటి తలుపు గడియ తీసేది. అప్పుడు గుమాస్తాల ఇళ్ళ నుంచీ, బడిపంతుళ్ళ ఇళ్ళ నుంచీ ఆడవాళ్ళు బిందెలతో వచ్చేవారు. ఎవరు ముందు తోడుకోవాలి, ఎవరి కోడలు చేంతాడు సరిగ్గా చుట్టి పెట్టలేదు, ఇలాంటివన్నీ ఆవిడే తేల్చేది. ఆ నుయ్యే లేకపోతే ఆవిడ గడప తొక్కేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

నేను అప్పట్లో ఒక దినపత్రికకు బందరు విలేఖరిని. పొద్దున కోర్టు కచేరీలు, మధ్యాహ్నం మునిసిపల్ ఆఫీసు, సాయంత్రం తంతి ఆఫీసు, ఇదీ నా తిరుగుడు. మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కే మనిషిని కనక మా వీధివాళ్ళకి నా మీద పూర్తి నమ్మకం లేదు. నేను వస్తే అరుగుల మీద కబుర్లు ఆగిపోయేవి.

ఆ ఏడు మునిసిపాలిటీవారు వీధి కుళాయిలు వేస్తామన్నారు. కాలవ నీళ్ళు చెరువులో నిలవచేసి, వడగట్టి, ఇనపగొట్టాల్లో పంపిస్తారట. మా వీధికి వచ్చే కుళాయి మలుపులో ఉన్న కౌన్సిలరు గారి గుమ్మం ముందు పడుతుందని వినికిడి. ఆయన ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. గొట్టాలు మాత్రం వచ్చి ఆయన గోడ పక్కనే దిగాయి.

సరిగ్గా అప్పుడే కలరా వచ్చింది. వేసవి, కాలవ కట్టేసిన రోజులు. వీధి చివర ఇంట్లో ఒక మనిషి పోయాడు. మూడో ఇంటి గుమాస్తా గారి భార్య మంచం పట్టింది. దండోరా వేశారు. మర్నాడు పొద్దున్నే శానిటరీ ఇన్స్పెక్టరు మందు పొట్లాలతో వచ్చి మా నూతిలో వేశాడు. నీళ్ళు గులాబిరంగులోకి తిరిగాయి. రేపటిదాకా తోడవద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన దివిసీమలో ఏదో పల్లె నుంచి వచ్చి, మిషను బడిలో చదువుకున్న క్రైస్తవుడు. మనిషి నెమ్మది. ఖాకీ టోపీ చేత్తో పట్టుకుని మాట్లాడేవాడు.

మర్నాడు వచ్చి చేదతో నీళ్ళు పైకి తీయించి చూశాడు. రంగు లేదు, తేటగా ఉన్నాయి. మళ్ళీ మందు వేశాడు. మళ్ళీ అదే తంతు. మూడోసారి మందు వేస్తున్నప్పుడు ఆయన ముఖం మారింది.

"రంగు నిలవలేదంటే నీళ్ళలో మురుగు ఉన్నట్టేనండి," అన్నాడు నాతో. "మందంతా దానికే సరిపోతోంది. ఎల్లుండికి కూడా ఇలాగే ఉంటే నుయ్యి మూయించమని పైనుంచి చెప్పారు."

"కౌన్సిలరు గారి నూతిలో వేశారా?"

"వేశానండి. అక్కడ నిలిచింది."

ఈ మాట నాకు రుచించలేదు. ఊళ్ళోకల్లా మంచి నుయ్యి చెడిపోయిందట, కుళాయి పడబోయే ఇంటి ఉప్పునుయ్యి బాగుందట! ఏళ్ళ తరబడి మునిసిపల్ వార్తలు రాసినవాడికి ఇలాంటి చోట ముక్కు దానంతటదే పనిచేస్తుంది. వీధి మగవాళ్ళ నోటా అదే మాట. నుయ్యి మూయిస్తే అందరూ ఆయన గుమ్మం ముందు బిందెలు పెట్టుకుని నుంచోవాలి. వచ్చే ఎన్నికల్లో ఓటు ఎవరికి వెయ్యాలో ఆయన అక్కడే చెబుతాడు. ఆ మందులో ఏం కలిపారో ఎవరు చూశారని గుమాస్తా గారు నన్నే నిలదీశాడు, నేనేదో కలిపినట్టు.

ఆ రోజు నుంచే కచేరీకి వేసవి సెలవులిచ్చారు. నేను ఇంట్లోనే కూచుని దీని మీదే రాద్దామని కాగితం ముందేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం పెరట్లో గిలక చప్పుడు. ఆ వేళ ఎవరూ నీళ్ళు తోడరు. చప్పుడు ఆగడం లేదు. వెళ్ళి చూస్తే వీధి ఆడవాళ్ళంతా వంతులేసుకుని చేదుతున్నారు. తోడిన నీళ్ళు పెరటి కాలవలోకి కుమ్మరిస్తున్నారు. అరటి పాదుల నిండా గులాబిరంగు నీళ్ళు. గట్టు పక్కన పురోహితుడు శాస్త్రులు గారు పసుపునీళ్ళ చెంబుతో సిద్ధంగా ఉన్నారు.

"ఏమిటండీ మామ్మగారూ ఇది?"

"ఏముంది? వాడు ముట్టుకున్న నీళ్ళు మేము తాగుతామా? నుయ్యి మైలపడితే తోడిపోసి పుణ్యాహవాచనం చేయించాలి. చేయిస్తున్నా."

"మూడుసార్లూ ఇలాగే చేశారా?"

"చెయ్యక? వెళ్ళు, వెళ్ళి మీ ఆఫీసులో చెప్పుకో."

రంగు నిలవకపోతే మునిసిపాలిటీవాళ్ళు నీళ్ళు చెడ్డాయనుకుని నుయ్యి మూయిస్తారని అక్కడే నిలబడి చెప్పాను. గిలక ఆగింది. ఆవిడ నూతిలోకి తొంగిచూసింది. అడుగున ఊట నీళ్ళు తేటగా ఊరుతున్నాయి.

"అయితే నా నూతికి నేనే తద్దినం పెడుతున్నానన్నమాట," అంది. నూతి మీంచి తలెత్తి, "ఇది నీకు వాళ్ళు నేర్పిన మాట కాదుగదా?" అని నా ముఖంలోకి చూసింది.

చెప్పిన రోజున ఇన్స్పెక్టరు వచ్చాడు. వెంట ఇద్దరు బంట్రోతులు, నూతి మీద వెయ్యడానికి చెక్కమూత, గొలుసు. వెనకాలే చేతికర్రతో కౌన్సిలరు గారు.

"ఊరి క్షేమం కోసం మనమే నాలుగు అడుగులు వెయ్యాలి పిన్నిగారూ," అన్నాడాయన.

"వేశావుగా నాయనా, సరిగ్గా నీ గుమ్మందాకా! ఆ కుళాయి లోపల నీళ్ళు ఆగడానికి తోలుబిళ్ళ ఉంటుందటగా. మీ ఆవిడ మడికి పనికొస్తుందా, కనుక్కున్నావా?"

గోడవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

నేను జరిగింది చెప్పాను. ఇన్స్పెక్టరు టోపీ తీశాడు. ఎందుకు తోడిపోశారని ఆయన అడగలేదు.

"నేను నూతిలోకి దిగలేదండి మామ్మగారూ," అన్నాడు. "మందే దిగింది."

ఆవిడ ఆయన చేతిసంచీలోని మందు పొట్లాలకేసి చూసింది. "అదే మందు నా చేత్తో వేస్తే పనిచెయ్యదా?" అంది.

"ఎవరి చేత్తో వేసినా చేస్తుందండి."

"అయితే పొట్లం ఆ గట్టు మీద పెట్టి అవతలికి జరుగు."

ఆయన పెట్టాడు, జరిగాడు. అవతలికి జరుగు అన్నప్పుడు ఆయన దవడ బిగుసుకోవడం నేను చూశాను. ఆవిడ చూడలేదు, లేదా చూడనట్టు నటించింది. కాగితం విప్పి పలుకులు చేదలో పోసి, నీళ్ళు కలిపి, నూతిలోకి వదిలింది. రేపు పొద్దుటికి రంగు ఉంటే మూత వెయ్యకూడదని ఆయన చేత మాట తీసుకుంది. మూత మాత్రం గోడకి ఆనించి ఉంచమన్నాడు కౌన్సిలరు గారు, రేపు మళ్ళీ మొయ్యడం ఎందుకని.

ఆ రోజంతా మామ్మగారు నూతి దగ్గరే పీట వేసుకుని కూచుంది. గిలకలోంచి చేంతాడు లాగేసి ఒళ్ళో పెట్టుకుంది. నిన్నమొన్నటిదాకా తనతో కలిసి తోడిపోసిన ఆడవాళ్ళనే ఇప్పుడు దగ్గరికి రానివ్వదు. ఎవరైనా కౌన్సిలరు గారి మాట మీద తోడెయ్యడానికి వచ్చారేమోనని అనుమానం. శాస్త్రులు గారు వచ్చి పుణ్యాహం మాటెత్తారు.

"రేపు చేద్దురుగాని. ఇవాళ నుయ్యి పని మీద ఉంది," అంది.

తెల్లారాక ఇన్స్పెక్టరు బంట్రోతులతో వచ్చి, పెరటి తలుపు బయటే ఆగాడు. ఆవిడ చేద వేసి, తోడి, వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది. లేత గులాబిరంగు ఇంకా ఉంది.

"చూశావా?"

"చూశానండి."

"మూస్తావా?"

"మూయనండి."

"మరి ఆ తలుపు తీసుకెళ్ళిపో," అంది మూతకేసి గడ్డం చూపిస్తూ.

బంట్రోతులు దాన్ని తీసుకెళ్ళారు గాని, ఆఫీసుదాకా కాదు. అది కౌన్సిలరు గారి అరుగు మీద చాలాకాలం నిలబడి ఉంది. తరవాత కుళాయి ఆయన గుమ్మం ముందే పడింది. ఎందుకని ఆఫీసులో అడిగితే, గొట్టం అక్కడే మలుపు తిరుగుతోందన్నారు. తిరిగే ఉండవచ్చు. నాకు ఈనాటికీ రూఢిగా తెలియదు.

గుమాస్తా గారి భార్య కోలుకుంది. కలరా మాత్రం పూర్తిగా పోలేదు. వేసవి వచ్చిందంటే ఇన్స్పెక్టరు వచ్చి పొట్లం గట్టు మీద పెట్టి జరిగేవాడు. మర్నాడు పొద్దున్నే తలుపవతల నిలబడేవాడు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ రెండు ప్రశ్నలూ, ఆ రెండు జవాబులూ విన్నాను. రెండో జవాబు ఆయన నోట వచ్చేదాకా మామ్మగారు చేద కింద పెట్టేది కాదు.