గొర్రెల మందు రుచి చూసిన మారయ్య

మా మేనమామ మారయ్యకు ఒక మొండి నియమం ఉండేది. తన నోట్లో పడని మందు తన గొర్రె నోట్లో పడకూడదు. చెట్టు పసరైనా, వాము కషాయమైనా ముందు తాను మింగాలి, ఒక పూట ఆగాలి, తనకేమీ కాకపోతే అప్పుడు మందకు పోయాలి. వాళ్ల నాయన చేసిందీ, తాత చేసిందీ అదేనట. "నోరు లేని జీవాలు. చేదైతే చెప్తయా, మంటైతే చెప్తయా? మనమే చూడాలె" అనేవాడు. ఊరంతా ఇదో గొప్ప గుణమని మెచ్చుకునేది. నాకు మాత్రం చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. వేపాకు పసరు మింగి మొహం అష్టవంకరలు తిప్పే మనిషిని మెచ్చుకోవడం నావల్ల అయ్యేది కాదు.

చేదు పోవడానికని ఆ వెంటనే ఇంత సారా పుచ్చుకోవడం కూడా నియమంలో భాగమే. అది తాతలనాటిదో, ఈయన కలిపిందో ఎవరూ అడగలేదు. గొర్రెలకు ఏ రోగమూ లేని రోజుల్లో కూడా సారా ఆగేది కాదు. ఆ మాట ఎత్తితే చాలు, మా అత్త గోపమ్మ మూతి తిప్పేది. "నీ మేనమామకు పొద్దుగూకితే నోరు చేదైతది బిడ్డా" అనేది.

వాళ్లది నల్లగొండ జిల్లాలో హాలియాకు అవతల, వాగు పక్క ఊరు. అరవై మూడో, అరవై నాలుగో, ఆ ఏడు వానలు తెగ కురిశాయి. వాగు ఒడ్డంతా బురద, బురద నిండా పచ్చటి గడ్డి. మంద ఆశపడి ఆ గడ్డి మేసింది. దసరా నాటికి గొర్రెలకు దవడల కింద నీటి సంచులు దిగాయి. చచ్చిన గొర్రెను కోసి కాలేయం చూస్తే, ఆ కార్జం నిండా జలగలు. పశువుల దవాఖాన కాంపౌండరు భిక్షపతి ఒక సీసా పట్టుకొని వచ్చాడు. చూడటానికి నీళ్లలా ఉంది, వాసన తియ్యగా ఉంది. వెదురు గొట్టంతో ఒక్కో గొర్రెకు కొద్దికొద్దిగా ఎట్లా పోయాలో చూపించి, "మనుషులు ముట్టొద్దు మారయ్యా" అని ఒకటికి రెండుసార్లు చెప్పి సైకిలెక్కాడు.

ముట్టొద్దన్నది పట్నపోళ్లకు చెప్పే మాట అనుకున్నాడట మా మామ. పైగా మనిషి కార్జం గొర్రె కార్జం కన్నా పెద్దది కదా! గొర్రెకు పోసే దానికన్నా ఎక్కువే గొట్టంలో పోసుకొని మింగాడు. గొంతు భగ్గుమంది. మంట ఆరడానికి సారా పోశాడు. ఆరలేదని ఇంకాస్త పోశాడు. మందకు మాత్రం మర్నాడు పోద్దామనుకున్నాడు, నియమం నియమమే కనుక.

తెల్లారేసరికి వాంతులు మొదలయ్యాయి. ఆ తర్వాత కళ్లకు పసుపు పూసినట్టయింది. ఊళ్లో కామెర్లన్నారు. కాల్చిన సూదితో ముంజేతి మీద వాత పెట్టారు, ఆకు పసరు తాగించారు. ఆ పసరును మామ కోసం ముందుగా ఎవరూ తాగి చూడలేదు. మర్నాడు మామ అత్త చెయ్యి పట్టుకొని, కన్నతల్లి అనుకొని "అవ్వా" అని పిలిచాడు. అత్త ఇక ఆగలేదు. మందను తన తమ్ముడు జానయ్యకు అప్పజెప్పి, మామను బస్సెక్కించి నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ అమరేందర్ అని ఒక కుర్ర డాక్టరు. మామ కళ్లు చూసి, పొట్ట నొక్కి, అత్త వైపు తిరిగాడు.

"ఏమన్నా తాగుతడా అమ్మా?"

"సారా తాగుతడు సారు."

"రోజూనా?"

"పండుగలనాడు ముట్టడు సారు. ఆనాడు కల్లు తాగుతడు."

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. "సారా గాక ఇంకేమన్నా మింగిండా?"

"గొర్రెల మందు మింగిండు" అంది అత్త. మూట విప్పి సీసా తీసి చేతికిచ్చింది. ఇంట్లో వదిలితే జానయ్య కూడా రుచి చూస్తాడేమోనని భయపడి వెంట తెచ్చిందట!

సీసా మీది పేరు చదివిన డాక్టరు మొహంలో నవ్వు పోయింది. "గొర్రె కార్జంలో జలగలను చంపే మందు ఇది. మనిషి తాగితే కార్జమే చస్తది. సారా తోడైతే ఇంకా జల్ది చస్తది. దీనికి విరుగుడు లేదమ్మా. కార్జం మళ్ల తేరుకునేదాక మనిషిని నిలబెట్టుడే మా పని. తేరుకుంటదో లేదో నేను చెప్పలేను" అన్నాడు.

చేతికి గ్లూకోజు సూది గుచ్చారు. తాగే నీళ్లు కొలిచి ఇచ్చారు, పోసిన మూత్రం కొలిచి చూశారు. మాంసం, పప్పు, గుడ్డు అన్నీ బంద్ చేసి చక్కెర వేసిన గంజి పట్టారు. పేగుల్లోని విషం మెదడుకెక్కకుండా కడుపు కడిగే మందు ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం తెలివి. అది జారిపోతే మనిషి దక్కడన్నాడు డాక్టరు. తెలివి చూడటానికి "ఇది ఏ నెల మారయ్యా?" అని అడిగాడు.

"ఏమో" అన్నాడు మామ. డాక్టరు మొహం ముడిచాడు.

"సారు, అది ఆయనకు మంచిగున్నప్పుడు గూడ తెల్వదు" అంది అత్త.

"అయితే ఆయనకు మంచిగ తెలిసిందేదన్నా నువ్వే అడుగమ్మా."

అత్త మంచం మీదికి వంగింది. "ఇగో, మన మందల మొండిచెవిదాని తల్లి ఏది?"

మామ ఆమెను తేరిపార చూసి, "నువ్వే" అన్నాడు.

పక్క మంచాలవాళ్లు పగలబడి నవ్వారు. అత్త వరండాలోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అరుపు విని ఏ పిల్ల ఏ తల్లిదో చెప్పే మనిషి ఆయన. "మనిషి పోయిండు, ఒళ్లే మిగిలింది అనుకున్న బిడ్డా" అని తర్వాత నాకు చెప్పేది.

ఆ తర్వాత ఆయన మత్తులోనే ఉండిపోయాడు. మధ్యలో కళ్లు తెరిస్తే నర్సును చూసి, మందను అదిలించినట్టు నాలుక ఆడించి అరిచేవాడు. అత్త మాత్రం రోజూ పొద్దున్నే అదే ప్రశ్న అడిగేది. జవాబు వచ్చేది కాదు. చివరికి ఆమెకు విసుగొచ్చింది. అడగడం మానేసి, డాక్టరు వచ్చిన సమయానికి గట్టిగా అంది: "సారు, మా మొండిచెవిది లేదా, అది బొల్లిదాని బిడ్డ."

మంచం కదిలింది.

"నీ మొఖం! బొల్లిదానికి ఎన్నడన్నా మొండిచెవి పిల్ల పుట్టిందా? అది నల్లమూతిదాని బిడ్డ. లగ్గమైనకాడికెల్లి చెప్తున్న, నీకు బుర్రకెక్కదు."

డాక్టరు అత్త వైపు చూశాడు. "సరిగ్గనే చెప్పిండా?"

"తిట్టిండు సారు! బతికిండు!" అని అత్త ఆ కుర్ర డాక్టరు రెండు చేతులూ పట్టేసుకుంది.

కార్జం మెల్లగా తేరుకుంది. ఈలోగా భిక్షపతే వచ్చి మందకు మందు పోసి పోయాడని జానయ్య కబురు పంపాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, సారా చుక్క ముట్టినా మళ్లీ తన దగ్గరికి రావద్దన్నాడు. మామ గొంగడి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు, ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. కులపోళ్ల విందుల్లో మజ్జిగ ముంత పట్టుకొని కూర్చునేవాడు. "ఏం మారయ్యా, మజ్జిగ ఎక్కిందా?" అని అందరూ ఆటపట్టించేవాళ్లు. ఎక్కిందని తూలి చూపించేవాడు.

మళ్లీ వానలొచ్చాయి. భిక్షపతి మళ్లీ సీసా తెచ్చిచ్చి పోయాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మామ సీసా మూత తీసి గొట్టంలోకి వంచి, అటూ ఇటూ చూశాడు.

"ఏం చేస్తున్నవ్?" అంది అత్త.

"సారా మానిన గద. మందు చూడకుంటె ఎట్లనే? నోరు లేని జీవాలు."

నాకు కోపం నసాళానికెక్కింది. తిట్టబోయేలోపే అత్త ఆ గొట్టం లాక్కుంది. "నిజమే. గని ఈసారి నేను చూస్త. నాకూ కార్జమున్నది" అని తల పైకెత్తి నోరు తెరిచింది.

మామ ఒక్క దుముకు దుమికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మందు సగం నేల పాలైంది. "నువ్వు పోతే నాకెవరున్నరే?" అన్నాడు.

"నల్లగొండల నాకు ఎవరుండిరి?" అంది అత్త.

మామ మళ్లీ గొట్టం నింపుకొని పోయి, మొండిచెవిదాన్ని కాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. దాని చెవి దగ్గర నోరు పెట్టి, "నేను చూడలే బిడ్డా. మీ అవ్వ చూడనిస్తలేదు. మాఫ్ చెయ్యి" అని చెప్పి, మందు పోశాడు.