నాలుగు కాళ్ల యువరాజుగారి ఇల్లు

సిదేలియా జీవితాన్ని నడిపించినవి నల్లపందులే. ఆమె పెళ్లికి ఒక పందిని అమ్మారు, భర్త శవపేటికకు ఇంకొకదాన్ని. మామిడి టెంకలూ అరటి తొక్కలూ తిని పెరిగే ఆ పందులే జాక్మెల్ పట్నం పైనున్న కొండమీద ఇంటింటికీ బ్యాంకు.

ఒక ఏడు హైతీలో పందులకు జ్వరం తగిలింది. అది తమ పందులకు పాకుతుందని పైదేశాలవాళ్లు హడలిపోయారు. భయం వాళ్లది, చావు మాత్రం ఇక్కడి పందులది. జబ్బున్నదాన్నీ లేనిదాన్నీ పట్టుకెళ్లి చంపి ఒకే గోతిలో పూడ్చారు. సిదేలియా పంది కనీసం దగ్గనైనా లేదు.

బదులుగా గులాబీరంగు పందినిస్తామన్నారు. ముందు దానికి సిమెంటు గచ్చు, రేకుల కప్పు వేసిన ఇల్లుండాలట. సామాను వాళ్లే ఇచ్చారు. ఊరంతా కలిసి డప్పు కొట్టుకుంటూ, రమ్ము చప్పరించుకుంటూ కట్టేసింది. అక్టోబరులో కూతురు రోజ్‌మెన్‌ని బడిలో వెయ్యాలి. ఫీజుకు సిదేలియా పెట్టుకున్న ఆశంతా ఆ పందిమీదే.

వచ్చిన పంది ఎండకు ఓర్వదు. మామిడి టెంకను చూసి మొహం తిప్పుకుంది. సంచీ దాణా తప్ప ముట్టదు, రోజూ స్నానం కావాలి.

"యువరాజుగారు లేచారా వదినా?" అనేది పక్కింటి క్లెర్సీన్.

"లేచారు. నీళ్లు చల్లగా ఉన్నాయని అలిగారు."

ఆగస్టు వానకు సిదేలియా గడ్డికప్పు కారింది. యువరాజుది కారలేదు. తల్లీకూతుళ్లు చాపలు చంకన పెట్టుకుని అక్కడికే మారారు.

మూడోనాడు వ్యవసాయాధికారి ఫెనెలోన్, పందుల పథకం చూసే తెల్ల డాక్టరు తనిఖీకని నేరుగా లోపలికి వచ్చేశారు.

"మనుషులిక్కడ ఉండకూడదమ్మా. పందికి మనశ్శాంతి ఉండదు," అన్నాడు ఫెనెలోన్.

"అదేమీ అనలేదే. గురకపెట్టి పడుకుంటోంది."

"రూలు రూలే. పందిని వెనక్కి తీసుకుపోతాం."

సిదేలియా చేతులు జోడించింది. "పోనీ మా పేర్లు కూడా పందుల జాబితాలో రాసుకోండి బాబూ. దాణాతో సర్దుకుంటాం."

డాక్టరు నవ్వలేదు. మనిషి మంచివాడే. "మేం రాకపోతే ఆ జబ్బు దేశదేశాలకూ పాకేదమ్మా. చూస్తూ ఊరుకోమంటారా?"

"ఊరుకోమనలేదయ్యా. మా దగ్గర ఎవరింటికెళ్లినా గుమ్మం బయట నిలబడి 'గౌరవం' అని పిలుస్తాం. లోపలివాళ్లు 'మర్యాద' అన్నాకే అడుగు పెడతాం. నా పందిని పట్టుకెళ్లిన రోజున ఎవరూ పిలవలేదు. ఇవాళ మీరూ పిలవలేదు."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. పంది మాత్రం వెళ్లిపోయింది.

సిమెంటును పెకలించుకుపోవడం ఎవరివల్లా కాలేదు. సెప్టెంబరు చివర బడి పంతులు వచ్చి, గుమ్మం బయట "గౌరవం" అని పిలిచాడు. ఆయన బడి కప్పూ కారుతోంది. రోజ్‌మెన్‌కి ఫీజు లేకుండా చదువు చెప్పేట్టు, బడి పందింట్లో నడిచేట్టు ఒప్పందం కుదిరింది.

నవంబరులో ఖాళీ పంది ఇళ్ల లెక్కకని ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఈసారి డాక్టరు ఫెనెలోన్ భుజం పట్టి ఆపి, బయటే నిలబడి టోపీ తీశాడు.

"గౌరవం," అన్నాడు.

"మర్యాద," అన్నాయి లోపల్నుంచి నలభై గొంతులు.

ఫెనెలోన్ కాగితం తిరగేశాడు, మరగేశాడు. "ఇక్కడ ఎన్ని ఉన్నాయని రాయను?"

"నలభై," అంది సిదేలియా. "దాణా ఎప్పుడొస్తుంది?"