పంపింది మీరేనా?

మా మేనత్తకు ఒకటే పిచ్చి. మెయిల్‌తో ఏ ఫైలు వచ్చినా, పంపినవాళ్ళకు ఫోన్ చేసి, "పంపింది మీరేనా?" అని అడిగి, ఔననిపించుకుంటే గాని తెరవదు. ఆవిడ నడిపేది సీసాలకూ డబ్బాలకూ లేబుళ్ళు అచ్చువేసే దుకాణం. పొద్దున తలుపు తీసింది మొదలు వచ్చేవన్నీ ఫైళ్ళే. ఒక మూల మిషన్ కటకటలాడుతుంటే, ఇంకో మూల అత్త గొంతు దానితో పోటీ పడుతూ ఉంటుంది.

ఉత్త "ఔను" కూడా చాలదు. లేబుల్ మీద ఏముందో, రంగేమిటో చెప్పాలి. తేనె అమ్మే ఆయన ఒకసారి ఎరుపన్నాడు. వెనకనుంచి వాళ్ళావిడ, కాదు మెరూన్ అంది. ఇద్దరూ ఒక రంగు మీదికి వచ్చేదాకా అత్త ఫోన్ చెవిన పెట్టుకుని తీరిగ్గా టీ తాగింది. చివరికి మెరూన్ గెలిచింది. తెరిచి చూస్తే నారింజ. అత్త మళ్ళీ ఫోన్ తీసింది.

నేను ఆ దుకాణంలో కంప్యూటర్ నిపుణుణ్ణి. ఆ మాట అనేది నేనొక్కణ్ణే. కంప్యూటర్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాకు నేనే గురువు, నాకు నేనే శిష్యుణ్ణి, ఇద్దరమూ అంతంతమాత్రమే. వైరస్‌లను ఆపే ప్రోగ్రాములు కనబడినవన్నీ తెచ్చి ఒకే కంప్యూటర్‌లో ఎక్కించిన ఘనత నాది. కాపలావాళ్ళు ఎంతమంది ఉంటే అంత మంచిది కదా అనుకున్నాను. అవి ఒకదాన్నొకటి దొంగ కింద పట్టుకుని, కంప్యూటర్‌ను కదలనివ్వలేదు. వైరస్ రాలేదుగా అని నేను సమర్థించుకోబోతే, లోపలికి వైరసూ రాలేదు, బయటికి లేబులూ రాలేదు అంది అత్త.

ఆవిడ పిచ్చికి చుట్టరికంతో పని లేదు. ఒకరోజు నేను పక్క బల్ల మీంచి ఒక డిజైన్ పంపాను. క్షణంలో నా ఫోన్ మోగింది. చేతులు చాస్తే తగిలేంత దూరంలో కూర్చుని చేస్తోంది.

"ఒరేయ్, పంపింది నువ్వేనా?"

"ఎదురుగానే ఉన్నాను కదా అత్తా."

"ఎదురుగా ఉన్నది నువ్వే. పంపింది ఎవరో నాకేం తెలుసు?"

నేను కూడా ఫోన్‌లోనే జవాబు చెప్పాను. అప్పటికి నాకూ కాస్త అంటుకుందన్నమాట.

ఇలా ఉండగా సబ్బుల కంపెనీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. డిజైన్ మారింది, అర్జెంట్, వెంటనే చూడండి అని. వాళ్ళ కాగితం అప్పటికే మిషన్‌కి ఎక్కించి ఉంది. ఆ కంపెనీ ఓనరు మెల్లగా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. అందుకని నా వేలు మౌస్ మీదికి పరిగెత్తింది. అత్త ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

అక్కడ ఫోన్ ఎత్తింది కొత్తగా చేరిన గుమాస్తా అమ్మాయి. తానేమీ పంపలేదంది. తరవాత గొంతు బాగా తగ్గించి, పొద్దున తనకేదో పార్సిల్ వచ్చిందని మెయిల్ వస్తే అందులో ఫైలు తెరిచానని, ఏమీ కనబడలేదని, అప్పట్నుంచీ కంప్యూటర్ నత్తలా నడుస్తోందని చెప్పింది. తన పేరుతో ఆ దొంగ మెయిల్ ఇంకెందరికి వెళ్ళిందో. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఓనరుకి తెలిస్తే ఇవాళే ఆఖరు.

కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే అంతా సర్దుకుంటుందని నేను నిపుణుడి సలహా ఇచ్చాను. అత్త నావైపు ఒక చూపు చూసింది. నేను కీబోర్డులో దుమ్ము ఊదుకున్నాను.

"ముందు ఆ నెట్ వైరు పీకెయ్యమ్మా," అంది అత్త. "మీ కంప్యూటర్ మనిషిని పిలు. పాస్‌వర్డ్ వేరే కంప్యూటర్‌లోంచి మార్చు. తెరిచానని మీ ఓనరుకి నువ్వే చెప్పు, దాచకు."

"తిడతారు మేడమ్."

"తిట్టనీ. ఆయన ఊపిరి తీసుకునేలోగా నా ఫోనొస్తుంది."

అన్నట్టే చేసింది. మీ కంపెనీ పేరుతో దొంగ మెయిళ్ళు తిరుగుతున్నాయని, మీ అమ్మాయి వెంటనే చెప్పబట్టి మా దుకాణం బతికిందని, ఇలాంటి మనిషి మాకుంటే నెత్తిన పెట్టుకుందుమని ఆయనకు చెప్పింది. తరవాత సీసాలవాళ్ళకూ, అట్టపెట్టెలవాళ్ళకూ, సరుకు రవాణావాళ్ళకూ వరసగా ఫోన్లు. ఒక్కొక్కరితో ఒకటే మాట: ఆ మెయిల్ తెరవకండి, సబ్బుల కంపెనీ అమ్మాయి చెప్పమంది.

నాకు ఆగలేదు. "అత్తా, ఆమె చెప్పడమేమిటి? అడిగింది నువ్వు కదా."

"ఫోన్‌లో ఇద్దరం మాట్లాడుకున్నాం. ఎవరు ముందు చేశారో ఆయనకెందుకురా?"

కొన్నాళ్ళకు ఆ ఓనరు లేబుళ్ళు తీసుకెళ్ళడానికి స్వయంగా వచ్చాడు. ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయం చేశానని, ఇప్పుడు ఆఫీసులో మెయిళ్ళ సంగతంతా ఆమెకే అప్పగించానని గోడలు అదిరేలా చెప్పాడు. అంతటితో ఊరుకోక నావైపు తిరిగాడు.

"కంప్యూటర్ చూసేది నువ్వేనా? ఓసారి మా ఆఫీసుకి రావోయ్. ఏది తెరవాలో ఏది తెరవకూడదో మా అమ్మాయి నేర్పుతుంది."

అత్త అడ్డుపడుతుందేమోనని చూశాను. ఆవిడ తాపీగా లేబుళ్ళ కట్టకు రబ్బరు బాండు వేస్తోంది.

"తప్పకుండా పంపిస్తానండీ," అంది. "మావాడికి మరీ అవసరం."

వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, బాగానే నేర్పింది.