మసీరాలో మాకంటే ముందు తిన్నవాళ్లు

మా ఇంట్లో ఒట్లు పెట్టుకునే అలవాటు లేదు. చిన్నప్పుడు ఎవరైనా "అమ్మతోడు" అంటే మా నాన్న చెవి మెలేసేవాడు. అందుకని ఒట్టు పెట్టను. జరిగింది జరిగినట్టు చెప్తాను... నమ్మితే నమ్మండి, నవ్వుకుంటే నవ్వుకోండి. దెయ్యాల కథలంటే నాకూ నవ్వే. పద్నాలుగేళ్లుగా నర్సుగా చేస్తున్నా. నైట్ డ్యూటీల్లో ఎంతమందికి ఈ చేతుల్తో కళ్లు మూశానో. ఒక్కసారి కూడా ఒళ్లు జలదరించలేదు.

మసీరాలో ఆ ఒక్క రాత్రి తప్ప.

పోయిన బక్రీదు సెలవులప్పటి సంగతి. మేం ఉండేది మస్కట్‌లో, అల్ మవాలే వైపు. నేనూ, మా ఆయన డేవిడ్, మా పాప పింకీ. పింకీకి ఎనిమిదేళ్లు. సెలవులకి మసీరా దీవికి వెళ్దామన్నారు ఆయన. నేను వద్దన్నాను. ఎందుకంటే... ఆ దీవికి వెళ్లాలని మా అందరికంటే ముందు అన్నది మా చెల్లెలు.

సునీత. నాకంటే ఆరేళ్లు చిన్నది. నేనే రప్పించాను ఒమన్‌కి. నిజ్వాలో ఒక క్లినిక్‌లో నర్సు ఉద్యోగం. శుక్రవారం వచ్చిందంటే బస్సెక్కి మా ఇంటికొచ్చేసేది. చెప్పులు విప్పకముందే అడిగేది, "అక్కా, ఇవాళ ఎక్కడ తిందాం?" అని. హోటల్ వెతకడం దానికి పిచ్చి. బోర్డు చూడదు, మెనూ చూడదు. "లోపల ఎవరు తింటున్నారో చూడు బావా. డ్రైవర్లు, చేపలు పట్టేవాళ్లు తింటుంటే మనమూ అక్కడే" అనేది. మసీరాలో వంజరం చేప అప్పటికప్పుడు పట్టి వండుతారని ఎక్కడో వింది. అప్పట్నుంచీ ఒకటే గొడవ... వెళ్దాం, వెళ్దాం అని.

వెళ్లలేదు. ఇంకో శుక్రవారం వెళ్దాంలే, ఇంకో సెలవులకి చూద్దాంలే... అలాగే అయిపోయింది. ఆ బక్రీదుకి ఏడాదిన్నర ముందు, తలనొప్పిగా ఉందని నిజ్వాలో రూమ్‌లో పడుకుంది. లేవలేదు. మెదడులో నరం చిట్లిందన్నారు. పెట్టెలో పెట్టి మా ఊరు నరసాపురం పంపించాం.

అదీ సంగతి. "అది చూడాలనుకున్న చోటు కదా, మనమైనా చూద్దాం" అన్నారు మా ఆయన. సరేనన్నాను.

పొద్దున బయల్దేరితే అయిదు గంటలు ఎడారిలో కారు. తర్వాత షన్నా రేవులో ఫెర్రీ కోసం ఎదురుచూపు. అవతల హిల్ఫ్ అనే చిన్న ఊళ్లో దిగేసరికి పొద్దు గూకుతోంది. గాలి... అదేం గాలో చెప్పలేను. ఆ రోజుల్లో అక్కడ అలాగే వీస్తుందట. కారు తలుపు తీస్తే చేతిలోంచి లాక్కుపోతోంది. ఇసుక పళ్లలో కరకరలాడుతోంది. రూమ్‌లో సామాను పడేసి, మొహాలు కడుక్కుని, తినడానికి బయటికొచ్చేసరికి ఎనిమిదయింది. పండగ కదా, సగం షట్టర్లు మూసున్నాయి. రోడ్డు మీద మనిషి లేడు.

"ఎక్కడ తిందాం?" అన్నారు మా ఆయన. అని, ఆయనే చిన్నగా, "సునీ ఉంటే ఈపాటికి తేల్చేసేది" అన్నారు.



రేవు దగ్గర ఒక గ్రిల్ హోటల్ తెరిచి ఉంది. అద్దాల తలుపు తోసుకుని వెళ్లాం. కౌంటర్ దగ్గర కుర్రాడు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమైనా మర్చిపోయారా మేడం?" అన్నాడు హిందీలో.

"లేదు బాబూ, ఇప్పుడేగా వస్తున్నాం."

వాడు నా మొహంలోకి చూశాడు. పింకీ వైపు చూశాడు. "సారీ" అన్నాడు. అంతే. నేను పట్టించుకోలేదు. అక్కడ ఉన్నది కాల్చిన మాంసం, రొట్టె. పింకీకి అన్నం కావాలి. బయటికొచ్చేశాం.

రెండోది మలయాళీల హోటల్, నాలుగు షట్టర్ల అవతల. లోపల అడుగు పెట్టామో లేదో, గల్లా దగ్గరాయన చేతులు ఊపేశాడు. "చేప లేదని చెప్పాను కదా సార్! అయిపోయింది. మళ్లీ వచ్చారేంటి?"

మా ఆయన నవ్వారు. "మళ్లీ కాదు, మొదటిసారే వస్తున్నాం."

"అదేంటి సార్... పది నిమిషాలు కాలేదు. మీరు, మేడం, ఈ పాప. ఇంకో మేడం కూడా ఉంది. ఆ మేడమే చేప అడిగింది. వంజరం ఉందా అని."

ఇంకో మేడం.

మా ఆయన నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడలేదు. "వేరే ఎవరో అయ్యుంటారు" అన్నారు.

"అయ్యుండొచ్చు" అన్నాడు గల్లా ఆయన. కానీ ఆయన చూపు నా దుపట్టా మీదే ఉంది. ఆకుపచ్చది, అంచుకి అద్దాలు. పాతదే.

బయటికొచ్చి కార్లో కూర్చున్నాం. గాలికి కారు ఊగుతోంది. "పండగకి మనలాగే ఎవరో ఆంధ్రా ఫ్యామిలీ వచ్చుంటారు. ఫెర్రీలో అంత జనం ఉన్నారుగా" అన్నారు ఆయన. "అంతే అయ్యుంటుంది" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"డాడీ, ఆకలి" అంది పింకీ.

ఆ వీధి చివర ఇంకో దీపం వెలుగుతోంది. బోర్డు వెలిసిపోయింది. బయట రెండు పికప్ బళ్లు, వాటి మీద వలలు. లోపల చేపలు పట్టేవాళ్లు నలుగురైదుగురు తింటున్నారు. ఇది ఎవరు ఎంచుకునే హోటలో మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ ఆ మాట అనలేదు. మా ఆయన కారు ఆపేశారు.

ఇక్కడ్నుంచి మెల్లగా చెప్తాను... తొందరపడితే ఏదో ఒకటి వదిలేస్తాను.

లోపల ట్యూబ్‌లైటు ఒకటి జుయ్యిమంటోంది. మూల చేతులు కడుక్కునే కొళాయి సరిగ్గా మూసినట్టు లేదు... టప్... టప్... చేపల వేపుడు వాసన. కుడి పక్క గోడవారగా ఒక టేబుల్. దాని మీద నాలుగు పళ్లేలు. ఇంకా తియ్యలేదు. అన్నం మీంచి ఆవిరి వస్తోంది.

వెయిటర్ బంగ్లాదేశ్ అతను, నలభై ఏళ్లుంటాయి. భుజాన తువ్వాలు. మమ్మల్ని చూడగానే ఆ టేబుల్ దగ్గరికెళ్లి కుర్చీ వెనక్కి లాగాడు. నా కోసం. "కూర్చోండి మేడం. తీసెయ్యలేదు. మీరు అసలేం తినలేదు కదా."

"నేనా?"

"మీరే."

ఆ పళ్లెం చూశాను. అన్నం అలాగే ఉంది. చేప ముక్క అలాగే ఉంది. చెయ్యి పెట్టినట్టే లేదు. దాని పక్క పళ్లెం పిల్లలు తిన్నట్టుంది... చుట్టూ మెతుకులు. ఎదురుగా రెండు ఖాళీ పళ్లేలు. అందులో ఒకదాని అంచున చేప ముళ్లు... ఒకదాని పక్కన ఒకటి... దువ్వెన పళ్లలాగా వరసగా పేర్చి ఉన్నాయి.

చాలామంది అలా పేరుస్తారు. నాకు తెలుసు. మా ఊరి వైపు ఇంటికొకరు ఉంటారు అలాంటివాళ్లు. మా ఇంట్లో సునీ. కానీ నా కళ్లు దాని మీంచి రాలేదు.

"మమ్మీ, నా ప్లేట్లో ఎవరు తిన్నారు?" అంది పింకీ.

ఎవరూ చెప్పలేదు దానికి, అది తన పళ్లెమని.

మా ఆయన వెయిటర్‌ని అడిగారు, "భాయ్, ఎవరొచ్చారు ఇక్కడికి? సరిగ్గా చెప్పు."

అతను కంగారు పడ్డాడు. పరాచికాలాడుతున్నామనుకున్నాడేమో. "మీరే సార్. మీరు, పాప, ఇద్దరు మేడంలు. చిన్న మేడం బాగా మాట్లాడింది. అన్నీ తనే చెప్పి తెప్పించింది. ఈ మేడం..." అని నన్ను చూపించాడు. "ఈ మేడం తినలేదు. ఆ మేడం మొహమే చూస్తూ కూర్చుంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. అప్పుడా చిన్న మేడం నవ్వి అంది..."

ఆగాడు. కొళాయి... టప్... టప్...

"ఏమంది?" అన్నాను.

"ఆజ్ దీదీకా డ్యూటీ నహీ హై... అంది. ఇవాళ అక్కకి డ్యూటీ లేదు, అందుకే అందరం కలిసొచ్చాం అని."

మీకు ఒక విషయం చెప్పలేదు. మీకే కాదు, ఎవరికీ చెప్పలేదు. ఆ ఆఖరి శుక్రవారం సునీ ఫోన్ చేసింది. "అక్కా, పొద్దున్నించీ తలనొప్పి. అయినా వచ్చేస్తాను, బయట ఎక్కడైనా తిందాం" అంది. నాకు ఆ రోజు ఓపిక లేదు. మళ్లీ హోటళ్ల చుట్టూ తిరగాలి... "నాకు డ్యూటీ పడిందే, రాకు" అన్నాను.

డ్యూటీ లేదు. ఇంట్లో మంచం మీద పడుకుని ఆ మాటన్నాను. అది వచ్చుంటే నా కళ్ల ముందు ఉండేది. ఆ తలనొప్పి ఎలాంటిదో నాకు తెలిసేది. మా ఆయన కూడా ఆ రోజు నేను డ్యూటీకెళ్లాననే అనుకుంటున్నారు. అబద్ధమని తెలిసింది నాకొక్కదానికే.

వెయిటర్ నా మొహంలో ఏం చూశాడో. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ముట్టని పళ్లెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయాడు. మళ్లీ బయటికి రాలేదు.

చేపలు పట్టేవాళ్లలో ఒకతను తలెత్తి, సముద్రం వైపు చెయ్యి చూపించాడు. అటు వెళ్లారని.

నేను బయటికి పరిగెత్తాను. "ఎక్కడికి? ఆగు!" అని మా ఆయన వెనకాలే వచ్చారు, పింకీని ఎత్తుకుని. రోడ్డుకి ఆ చివర ఒకే ఒక్క స్తంభం, పసుపు దీపం. దాని అవతల చీకటి. చీకట్లో అలల చప్పుడు. ఇసుక లేచి కళ్లలో పడుతోంది. ఆ దీపం దాటుతూ మనుషులు... మెల్లగా, తిన్న తర్వాత నడిచినట్టు నడుస్తున్నారు. నలుగురు. ఒకటి చిన్న ఆకారం.

"సునీ!" అని అరిచాను.

గాలిలో ఆ అరుపు ఎంత దూరం పోయిందో తెలీదు. కానీ ఒకరు ఆగారు.

ఆగింది సునీ నడకతో నడుస్తున్న మనిషి కాదు. ఆమె ముందుకే వెళ్లిపోతోంది. ఆగింది... చిన్నదాని చెయ్యి పట్టుకున్న ఆడమనిషి. వెనక్కి తిరగలేదు. తల కొంచెం పక్కకి వంచింది, అంతే. ఏదో విన్నట్టు. దుపట్టా గాలికి లేచింది. అంచు మీద ఏదో తళుక్కుమంది.

నా మెడ చుట్టూ ఉన్న దుపట్టాని పట్టుకుని చూసుకున్నాను. ఎందుకో తెలీదు. నా దగ్గరే ఉంది. మళ్లీ తలెత్తేసరికి ఆమె నడుస్తోంది. చీకట్లో కలిసిపోయారు.

మా ఆయన నా జబ్బ పట్టుకుని కార్లోకి లాగారు. తలుపులన్నీ లాక్ చేశారు.

"చూశారా?" అన్నాను.

"ఎవరో లేబర్ వాళ్లు ముగ్గురు. బీచ్ వైపు వెళ్తున్నారు."

"ముగ్గురా?"

"ముగ్గురే" అన్నారు. ఏ ఊరెళ్లినా, ఏం వినపడినా, "పద చూసొద్దాం" అనే మనిషాయన. ఆ రాత్రి ఆ నాలుగడుగులు వేసి చూసి రాలేదు. నేనూ వెళ్దామనలేదు.

రూమ్‌కొచ్చి బిస్కెట్లు పెట్టి, జ్యూసు పట్టించి పింకీని పడుకోబెట్టాం. ఆయన బైబిలు తెరిచి పెట్టుకున్నారు. పేజీ తిప్పిన చప్పుడు నాకు వినపడలేదు.

తెల్లారింది. పదింటికి ఫెర్రీ. ఆయన పెట్రోలు కొట్టించుకొస్తానని వెళ్తే, పింకీని తీసుకుని ఆ హోటల్‌కి నడిచి వెళ్లాను. పగలు చూస్తే అది మామూలు హోటల్. ఈగలు, ఎండ, పొయ్యి మీద పరాఠాలు. రాత్రి వెయిటర్ లేడు. వంట ముసలాయన బనీనుతో ఉన్నాడు. నన్ను చూడగానే గోడవార టేబుల్ చూపించాడు. తుడిచి, నాలుగు గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

"కూర్చోండి. ఆ మేడం రాలేదా ఇంకా?" అన్నాడు.

"ఏ మేడం?"

"రాత్రి కిటికీ దగ్గరికొచ్చి చెప్పింది కదా. పొద్దున నలుగురం వస్తాం, వేడి పరాఠా కావాలి అని."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే చెప్పలేను. భయం వేసింది, నిజమే. కానీ కాళ్లు లేవలేదు. తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. బయట చెప్పుల చప్పుడైన ప్రతిసారీ మెడ చాచి చూసేదాన్ని. ఒకసారి ఎవరో పాలవాడు. ఒకసారి గాలి. పింకీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మమ్మీ, ఎవరికోసం?" అంది. నన్ను నేను ఆ గుమ్మంలో చూస్తే ఏమవుతానో అనిపించింది ఒక పక్క. ఇంకో పక్క... సునీ మొహం ఒక్కసారి చూస్తే చాలు, ఏమైతే అయిందిలే అనిపించింది.

ఇరవై నిమిషాలు. బయట కారు హారన్. మా ఆయన. మళ్లీ హారన్. ఫెర్రీ వెళ్లిపోతుంది.

లేచాను. ముసలాయన హోటల్ కార్డు చేతిలో పెట్టాడు. "ఫోన్ చెయ్యండి. వస్తే చెప్తాను" అన్నాడు.

ఫెర్రీలో నేను దీవి వైపు తిరగలేదు. మా ఆయన ఇప్పటిదాకా ఆ ఊసెత్తలేదు. ఎవరో ఆంధ్రా ఫ్యామిలీయే అయ్యుంటుంది. వాళ్లలోనూ ఒక అక్కా, నర్సో ఇంకేదో, సెలవు దొరికి వచ్చిన ఒక చెల్లెలూ. ఇన్ని వేలమందిమి ఉన్నాం ఈ దేశంలో, ఎందుకుండకూడదు? రోజుకి పదిసార్లు అలాగే చెప్పుకుంటున్నా.

ఆ హోటల్ నంబరు నా ఫోన్లో ఉంది. వేలు దాని మీద దాకా వెళ్తుంది... ఆగిపోతుంది. ఎవరూ రాలేదు అని ఆ ముసలాయనంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. వచ్చారు, నలుగురూ కూర్చుని తిని వెళ్లారు అంటే...

అప్పుడేం చెయ్యాలో అసలే తెలీదు.